చాప కింది మడత

పంతొమ్మిది వందల నలభై మూడు నాటికి నేను నరసరావుపేట తాలూకా కచేరీలో సర్వేయరుగా చేరి ఆరేళ్ళు. సర్వేయరంటే పొలాలు కొలిచేవాడని అందరికీ తెలుసు. ఆ కొలతతో అన్నదమ్ముల్ని విడగొట్టేవాడనీ, అలా విడిపోయినవాళ్ళు మళ్ళీ కలిసేది తనను తిట్టేటప్పుడేననీ ఆ ఉద్యోగం చేసినవాళ్ళకే తెలుసు. పక్క తాలూకాలో ఎవరైనా సెలవు పెడితే అక్కడికీ నన్నే తరిమేవాళ్ళు. అటు ముప్పాళ్ళ దాకా, ఇటు శావల్యాపురం దాకా నేను తొక్కని గట్టు లేదు. వానాకాలం నల్లరేగడిలో నడిస్తే ఒక్కో చెప్పుకి అరెకరం మట్టి అంటుకునేది. నేను ఆరేళ్ళలో చెప్పులతో మోసుకొచ్చిన మట్టినంతా ఒకచోట పోస్తే ఇంకో గ్రామం ఏర్పాటు చేసి కరణాన్ని వేయవచ్చునని మా తాసీల్దారు గారు లెక్క కట్టారు.

మా పనిముట్లలో పెద్దది చైన్. ఇనప కడ్డీలతో చేసిన గొలుసు. పొడవు అరవై ఆరు అడుగులు. అందులో నూరు ముక్కలుంటాయి. ఒక్కో ముక్క ఒక లింకు, జానెడు కన్నా కొంచెం తక్కువ. లెక్క తప్పకుండా పది లింకులకొక ఇత్తడి బిళ్ళ వేలాడుతుంది. పది చైన్ల పొడవు, ఒక చైన్ వెడల్పు ఉంటే ఎకరం. ఆ గొలుసును మోసి, లాగి, పరిచేవాణ్ణి చైన్‌మాన్ అంటారు. నా చైన్‌మాన్ కోటయ్య యాభై దాటిన మనిషి. ఎండలో గొలుసు లాగి లాగి ఆయన కుడి చెయ్యి ఎడమ చేతికన్నా ఒక లింకు పొడుగు సాగిందని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

క్రికెట్ ఆటలో ఈ వైపు స్టంపుల నుంచి ఆ వైపు స్టంపులకు దూరం ఇరవై రెండు గజాలు. అంటే అరవై ఆరు అడుగులు, సరిగ్గా ఒక చైన్. దొరలు ఈ రెండిటికీ ఒకే కొలత ఎందుకు పెట్టారో నాకు తెలియదు గాని, దాని మూలంగా మా ఊళ్ళో ఎవరు పిచ్ వేయాలన్నా నన్ను పిలవక తప్పేది కాదు. అలా బ్యాటు పట్టడం రాకుండానే నేను క్రికెట్ క్లబ్బు కమిటీ మెంబరునయ్యాను.

మా క్లబ్బులో వకీళ్ళు, గుమస్తాలు, పంతుళ్ళు ఉండేవారు. వీళ్ళందరి మధ్యా ఒకే ఒక దర్జీ ఉండేవాడు. ఆయనే మస్తాను సాహెబు. స్టేషను రోడ్డులో దుకాణం. అప్పటికి నలభై ఆరేళ్ళు. మా ఇంటి వెనక వీధే కాబట్టి నాకు చిన్నప్పటి నుంచీ మస్తాను మామ. పూర్వం ఎవరో సబ్ కలెక్టరు దొర ఆటగాళ్ళ తెల్ల ప్యాంట్లు కుట్టించడానికి పిలిపించి, ఒక మనిషి తక్కువైతే ఈయన్ని ఒక మూల నిలబెట్టాడట. ఆ నిలబడ్డ మనిషి ఇరవై రెండేళ్ళయినా మైదానం దిగలేదు. దొర వెళ్ళిపోయాడు, ప్యాంట్లు చిరిగిపోయాయి, మస్తాను మామ మాత్రం ప్రతి ఆటలోనూ మొదటి బ్యాటుగా దిగుతూనే ఉన్నాడు.

ఆయన ఆట చూడాలి. కుర్రాళ్ళు బంతికి ఎదురెళ్ళి ముందుకు దూకుతారు. మామ వెనక కాలి మీదికి జరిగి బంతి కోసం ఆగేవాడు. బంతి నేలను తాకి, లేచి, కుశల ప్రశ్నలడిగి, ఇక సెలవు తీసుకుంటానని బయల్దేరుతుండగా మణికట్టు తిప్పేవాడు. అది నేల మీద పాకుతూ పోయి రైలు కట్ట దగ్గర ఆగేది. ఒకసారి వినుకొండ ప్యాసింజరు గార్డు ఆ బంతికి దారిమ్మని ఎర్రజెండా ఊపి బండి ఆపాడు. నేను కళ్ళారా చూశాను.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. వారంలో ఆరు రోజులు ఆ వకీళ్ళ నడుములకు టేపు చుట్టి, వంగి కొలతలు తీసుకునే మనిషి, ఆదివారం నాడు వాళ్ళ మధ్యన అదే బెంచీ మీద కూచుని వాళ్ళలాంటి గ్లాసుతోనే టీ తాగేవాడు. వాళ్ళు జరిగి చోటిచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఆ ఏడు జూలైలో హైస్కూలు వాళ్ళు మా పాత పిచ్ మీదే ఒక షెడ్డు లేపారు. పిచ్‌ను పక్కకి జరపాల్సి వచ్చింది. అది ఆదివారం. ప్రభుత్వపు చైన్‌ను సొంత పనికి వాడకూడదని నియమం, నేను నియమాలకు ప్రాణమిచ్చే రోజులు. అందుకని కచేరీ కొట్లో మూలన పడున్న కండెమ్డ్ చైన్ తెప్పించాను. కండెమ్డ్ అంటే ఇక సర్వేకి పనికిరాదని కాగితం రాసి పక్కన పడేసింది. కోటయ్య ఒక కొస పట్టాడు, నేను రెండో కొస పట్టాను, స్టంపులు పాతాం, గట్టి నేల చదును చేశాం. దాని మీద పరవడానికి మద్రాసు నుంచి కొత్త కొబ్బరిపీచు చాప వచ్చింది. అంచులు కుట్టే పని ఎప్పటిలాగే మస్తాను మామది.

ఆ తరువాతి ఆదివారం ఆట నుంచి మామకు కష్టాలు మొదలయ్యాయి. మొదటి ఆట సున్నా. రెండోది రెండు. మూడోది సున్నా. బంతి బ్యాటును దాటి వెళ్ళాక ఆయన మణికట్టు తిరిగేది. స్టంపులు పడిన చప్పుడు విని వెనక్కి చూసేవాడు, ఎవరో పిలిచినట్టు. యుద్ధం రోజులు, రైలు ప్రయాణాలు కష్టం, మేము పొరుగూరు వెళ్ళి ఆడే పని లేదు. ఆటలన్నీ మా మైదానంలోనే. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. మామ పరుగులన్నీ కలిపి లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు సరిపోయేవి, రెండో చేతికి పని ఉండేది కాదు.

అదే సమయంలో మా కెప్టెన్ రాఘవరావు గారికి మహర్దశ పట్టింది. ఆయన వకీలు, ఆరడుగుల మనిషి, వేగంగా బంతి వేస్తాననుకునేవారు. జూలై ముందు దాకా ఆ బంతికీ రెండెడ్ల బండికీ పందెం పెడితే జనం బండి మీదే కట్టేవాళ్ళు. జూలై తరువాత స్టంపులు విరగడం మొదలైంది. వచ్చిన జట్టల్లా ఆయన ముందు కూలింది. ఆయన నడకే మారిపోయింది. కోర్టులో సాక్షిని ప్రశ్న అడిగే ముందు కూడా పదడుగులు వెనక్కి వెళ్ళి పరిగెత్తుకొస్తున్నారని మునసబు గారు విసుక్కున్నారట.

కమిటీలో మామను సమర్థించే పని నాది. ఒక నెల ఎండ కళ్ళలో పడుతోందన్నాను. ఒక నెల రంజాన్ ఉపవాసాలన్నాను. ఒక నెల బ్యాటు పాతదన్నాను. మరో నెల షెడ్డు మీది కాకుల గుంపు సరిగ్గా బంతి వేసే వేళకు లేస్తోందని వాదించి, కాకులు ఎగిరే దిశను కాగితం మీద గీసి కూడా చూపించాను. చూపు మందగించిందేమో అని ఒక పంతులు గారు అంటే, ఆయన్ని దుకాణానికి తీసుకెళ్ళాను. మస్తాను మామ వీధి వైపు మాట్లాడుతూ సూదిలోకి దారం ఒక్క తోపున ఎక్కించాడు. పంతులు గారు తన కళ్ళద్దాలు తుడుచుకుని ఇంటికెళ్ళారు.

జనవరి నాలుగో వారం మొదట్లో కమిటీ కూర్చుంది. నెలాఖరు ఆదివారం గుంటూరు క్లబ్బు వాళ్ళు వస్తున్నారు. ఏడాదికి అదే పెద్ద ఆట.

రాఘవరావు గారు మొదలుపెట్టారు. "ఇంక మొహమాటం వద్దు. మస్తాను వయసైపోయింది. ఆటలోంచి తప్పిద్దాం. మనిషిని వదులుకోం. చాప కుట్టాలి, ప్యాడ్లు కుట్టాలి, ఆదివారాలు వస్తాడు. టీ మామూలే."

ఆ ‘టీ మామూలే’ అన్నమాట నాకు తగిలింది. టీ ఇస్తారు, సరే. బెంచీ మీద కాదు. సూదీ దారం పట్టుకుని చాప దగ్గర కింద కూచున్నవాడికి ఇస్తారు. నేను ఇంకో కారణం వెతికాను, దొరకలేదు. ఒక వారం గడువడిగాను.

"వారంలో ఏం చేస్తారు, వయసు తగ్గిస్తారా?" అన్నారు కెప్టెన్.

"కొలుస్తాను" అన్నాను.

ఆ మాటకు అందరూ నవ్వారు. కాని నేను చేయగలిగింది నిజంగా అదొక్కటే. ప్రతి సాయంత్రం ప్రాక్టీసు జరిగేది. నేను వికెట్ పక్కన బల్ల వేసుకుని, పొలం కొలిచినప్పుడు పటం గీసే పుస్తకంలో మామ ఆడే బంతులు గీశాను. బంతి ఎక్కడ పడింది, బ్యాటు ఎక్కడికి వచ్చింది, ఎంత ఆలస్యం. మూడు రోజుల్లో నలభై బంతులు. చూసుకుంటే నా వెంట్రుకలు లేచి నిలబడ్డాయి, అప్పట్లో ఉండేవి.

మా వృత్తిలో తప్పులు రెండు రకాలు. మనిషి చేసే తప్పు ఒకసారి ఎక్కువ చూపిస్తుంది, ఒకసారి తక్కువ చూపిస్తుంది. చెయ్యి వణికితే అటూ ఇటూ వణుకుతుంది. పనిముట్టులో ఉన్న తప్పు అలా కాదు. ఎప్పుడూ ఒకే వైపు, ఎప్పుడూ ఒకే అంత. చైన్ సాగితే ప్రతి పొలమూ చిన్నదవుతుంది, ఏ పొలమూ పెద్దదవదు. మామ ఆడిన నలభై బంతుల్లోనూ బ్యాటు ఆలస్యంగానే వచ్చింది. ఆ ఆలస్యం ఒక్కటే కొలత. వయసు మీదపడ్డ చెయ్యి ఇంత నిక్కచ్చిగా తప్పు చేయదు. పనిముట్టేదో చెడింది. అది ఏ పనిముట్టు?

బ్యాటును తూచాను. బూట్లు చూశాను. బంతుల చుట్టుకొలత తీసుకున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

గురువారం సాయంత్రం చాపను ప్రాక్టీసుకు పరవడానికి కోటయ్యా నేనూ స్కూలు కొట్లోంచి బయటికి లాగాం. ఒక కొస ఎలుకలు కొట్టేశాయి. అంచుకు వేసిన కాన్వాసు పట్టీ ఊడి వేలాడుతోంది. లాగి చూస్తే, పట్టీ కింద చాప ఇంకా ఉంది. లోపలికి మడిచి, కొబ్బరిపీచు రంగు దారంతో, చెయ్యి వేసి తడిమినా తెలియనంత సన్నగా కుట్టేశారు. కుట్టు విప్పితే రెండడుగుల చాప బయటపడింది.

నేను ముందు చాపను అనుమానించాను. మద్రాసు వాళ్ళు ఎక్కువ పంపారేమో. జూలై నుంచీ అదే కొట్లో పడున్న కండెమ్డ్ చైన్ తెచ్చి పరిచాను. అది చాప కన్నా చిన్నదిగా ఉంది. అప్పుడు, జీవితంలో మొదటిసారి, నేను ఆ చైన్‌లో లింకులు లెక్కపెట్టాను. ఇత్తడి బిళ్ళలన్నీ ఉన్నాయి. ఒక్కచోట మాత్రం రెండు బిళ్ళల మధ్య పదికి బదులు ఏడున్నాయి. మొత్తం తొంభై ఏడు.

మూడు లింకులంటే దాదాపు రెండడుగులు. ఏడు నెలలుగా నరసరావుపేట ఇరవై రెండు గజాల ఆటను ఇరవై ఒకటీ చిల్లర గజాల్లో ఆడుతోంది. రాఘవరావు గారి బంతి రెండడుగులు ముందే వచ్చేస్తోంది. ముందుకు దూకే కుర్రాళ్ళకు ఆ తేడా తెలియలేదు. ఇరవై రెండేళ్ళు ఒకే దూరానికి ఆగి ఆడిన మనిషిని ఆ రెండడుగులు మింగేశాయి.

అయితే ఆ మడత కుట్టిన మనిషికి చాప పొడవెంతో తెలుసు. పిచ్ పొడవెంతో కూడా తెలిసి ఉండాలి.

దుకాణానికి వెళ్ళేసరికి మామ మిషను ముందు కూచుని ఎవరిదో కోటు జేబు కుడుతున్నాడు. ఊడిన పట్టీ ముక్క ఆయన ముందు పెట్టాను. మిషను ఆగింది.

"ఇది నీ కుట్టేనా మామా?"

"పీచు లేస్తందని అంచు కుట్టా."

"అంచుకి రెండడుగుల మడతెందుకు?"

ఆయన దారం పంటితో తెంపాడు.

"పిచ్ పొట్టిదని నీకెప్పుడు తెలిసింది?"

"చాప పరిచిన రోజే. కొలవలా. ఆడబోతే నా కాళ్ళకి తెలిసింది. తరవాత చాప అంచు కుట్టబోయి చూస్తే, ఆ చివర రెండడుగులు స్టంపులు దాటి పోయింది. మడిచేసి కుట్టా."

"ఏడు నెలలు. ఒక్క మాట చెబితే అయిపోయేదిగా."

"ఎవరికి చెప్పాల? సర్వేయరు కొలత తప్పని దర్జీ చెప్పాలా?" అని, మళ్ళీ నెమ్మదిగా అన్నాడు: "ఒరేయ్ అల్లుడా, నీ గొలుసుతో ఎన్ని గట్లు పడ్డయ్యో నీకు లెక్క తెలుసా? రాఘవరావు గారు వకీలు. ఆయన చేతికి ఈ రెండడుగులు దొరికితే కొండవీడు కింద నుంచి రైతులంతా కోర్టుకొస్తారు. నీ ఉజ్జోగం ఏమవుద్ది? చొక్కా కొంచెం బిగువైతే ఒళ్ళు సర్దుకోదా, అట్టా సర్దుకుంటాలే అనుకున్నా. ఒళ్ళు మాట వినలా."

నేను ఊడిన పట్టీ ముక్కను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

"వాళ్ళు నిన్ను తీసేస్తున్నారు, తెలుసా?"

"తెలుసు. చాప కుట్టడానికి రమ్మంటారు. వస్తా." కోటును మడతపెట్టాడు. మడత విప్పాడు. మళ్ళీ పెట్టాడు. "బెంచీ మీద కూచోడం అలవాటైపోయింది. చానా ఏళ్ళయిందిగా. అదొక్కటే."

అప్పుడు చెప్పాను: నేను వాడింది కచేరీ చైన్ కాదనీ, కండెమ్డ్ చైన్ అనీ, పొలాలకు దానితో సంబంధం లేదనీ. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. కొత్త గుడ్డ అనుకుని కత్తిరించాక పాత చిరుగు కనబడితే దర్జీలు చూసే చూపు అది.

"ఆ ముక్క జూలైలో చెప్పొచ్చుగా" అన్నాడు.

ధైర్యంగా చెప్పాను గాని, లోపల నాకే నమ్మకం లేదు. ఒక చైన్‌లో లింకులు లెక్కపెట్టనివాడు రెండోదాన్ని మాత్రం లెక్కపెట్టాడా? తాలూకా కచేరీ ఆవరణలో రెండు రాళ్ళు పాతి ఉంటాయి. వాటి మీది గుర్తుల మధ్య దూరం కచ్చితంగా ఒక చైన్. పొలానికి వెళ్ళే ప్రతి ఉదయం గొలుసును ఆ రాళ్ళ మధ్య పరిచి సరిచూసుకోవాలని నియమం. నియమాలకు ప్రాణమిచ్చేవాణ్ణని చెప్పాను కదా. ఈ నియమానికి మాత్రం సంతకం ఇచ్చి సరిపెట్టేవాణ్ణి. శుక్రవారం పొద్దున్నే నా సర్వీసు చైన్ తీసుకెళ్ళి పరిచాను. కోటయ్య రెండో కొస పట్టుకుని లాగుతుంటే, మా తాలూకాలోని ప్రతి గట్టూ, ప్రతి కంచే, నేను పాతిన ప్రతి సరిహద్దు రాయీ వరసగా నిలబడి నన్ను చూస్తున్నట్టనిపించింది. గొలుసు గుర్తు దగ్గర ఆగింది. ఒక వేలి మందం తేడా, అంతే. నూరు లింకులూ ఉన్నాయి. నేను ఆ రాయి మీదే కూచుండిపోయాను. కోటయ్య మంచినీళ్ళు తెచ్చాడు.

శనివారం కమిటీలో ఉన్నదంతా చెప్పాను. పిచ్ రెండడుగులు తక్కువ, తప్పు నాది, మస్తాను సాహెబుది కాదు అన్నాను. మడత సంగతీ చెప్పాను.

రాఘవరావు గారు లేచి నిలబడ్డారు. కోర్టు గొంతు వచ్చేసింది. "సర్వేయరు గారూ, ఆ చైన్‌తో మీరు ఎన్ని ఫీల్డులు కొలిచారు?"

"ఒక్కటే. మీరు బంతులు వేసే ఫీల్డు."

"అది మీరు చెప్పేమాట. కొండవీడు కింద గట్టు దావాలో మీరు సాక్షి. వచ్చే నెల నేను మిమ్మల్ని బోనెక్కిస్తాను. ఈ మాట అక్కడా చెబుతారా?"

మామ భయపడింది సరిగ్గా దీనికే. ఏడు నెలలు సున్నాలు మోసింది ఈ ప్రశ్న నా ముందుకు రాకుండా ఉండటానికే.

"చెబుతాను" అన్నాను. "ముందు కచేరీకి రండి, రాళ్ళు చూపిస్తాను."

కమిటీ మొత్తం తాలూకా కచేరీకి నడిచింది. దారిలో జనం చేరారు. ఎవరి భూమి జప్తు అవుతోందని అడిగినవాళ్ళు కొందరు, జవాబు కోసం ఆగకుండా వెంట వచ్చినవాళ్ళు కొందరు. రెండు చైన్లూ రాళ్ళ మధ్య పరిచాం. ఒకటి సరిపోయింది, ఒకటి రెండడుగులు ముందే ఆగిపోయింది. రాఘవరావు గారు మోకాళ్ళ మీద కూచుని, ఇస్త్రీ ప్యాంటు దుమ్ముకొట్టుకుంటుండగా, రెంటిలోనూ లింకులు స్వయంగా లెక్కపెట్టారు. మిగతా మూడు లింకులేవీ అన్నారు.

కోటయ్య తల గోక్కున్నాడు. "అయ్యగారి పంకా కొక్కెం ఊడిపోతే, పాత గొలుసేగా అని మూడు ముక్కలు పీకి తగిలించానండీ. పోయినేడు." అందరూ కిటికీలోంచి చూశారు. తాసీల్దారు గారి కుర్చీ పైన గుడ్డ పంకా ఊగడం లేదు, కాని ఆ మూడు లింకులూ దాన్ని భద్రంగా మోస్తున్నాయి.

అయినా కెప్టెన్ ఊరుకోలేదు. "పిచ్ అందరికీ ఒకటేగా. కుర్రాళ్ళు ఆడలేదా?" అన్నారు. వాదన న్యాయమైనదే. సర్వీసు చైన్‌తోనే పిచ్ తిరిగి కొలిచాను, నియమం సంగతి తరువాత చూసుకోవచ్చని. స్టంపులు రెండడుగులు వెనక్కి జరిపి, చాప మడత విప్పి పరిచాం. మస్తాను మామను పిలిపించాం. బంతి వేసింది రాఘవరావు గారే. ఆయన తన బలమంతా పెట్టారు. అది ఒప్పుకోవాలి, సాయంత్రం ఎండలో ఆయన చెమటతో చాప కాస్త మెత్తబడింది కూడా.

మొదటి బంతి మామ బ్యాటుకు అంచున తగిలింది. రెండోది దాటిపోయింది. ఏడు నెలల్లో ఆయన ఒళ్ళు పొట్టి పిచ్‌కు కొంచెం సర్దుకుందేమో, ఇప్పుడు పాతదానికీ కొత్తదానికీ కాకుండా పోయిందేమో అనిపించింది. మూడో బంతికి మామ వెనక్కి జరిగి, ఆగి, మణికట్టు తిప్పాడు. బంతి షెడ్డు గోడ దాకా పాకింది. నాలుగోది అక్కడికే. తొమ్మిది బంతులు ఆడాక రాఘవరావు గారు బంతిని చేతిలో తిప్పుతూ స్టంపుల వైపు, ఆ కొత్త దూరం వైపు చూస్తూ నిలబడ్డారు.

"అయితే నా వికెట్లన్నీ ఏమైనట్టు?" అని నన్నడిగారు.

"అందులో రెండడుగులు నావి" అన్నాను.

ఆయన నవ్వలేదు. కాని వకీలు కాబట్టి రుజువు తెలుసు. "రేపు మొదట దిగేది మస్తానే" అని, కోటు తీసుకుని వెళ్ళిపోయారు.

గుంటూరు వాళ్ళ మీద మస్తాను మామ ముప్పై ఒక్క పరుగులు చేశాడు. రైళ్ళేవీ ఆగలేదు, రైలు కట్ట దాకా వెళ్ళింది ఒకే బంతి. మేము ఓడిపోయాం. రాఘవరావు గారికి ఒక్క వికెటే వచ్చింది. ఆట అయ్యాక టీ వచ్చింది. మామ బెంచీ కొసన కూచోబోతే, కెప్టెన్ లేచి మధ్యలో చోటిచ్చారు.

ఆ తరువాతి నెల నాకు మంచిగా గడవలేదు. ‘సర్వేయరు గొలుసు పొట్టిది’ అన్న వార్త పొలాల మీదుగా నా కన్నా వేగంగా ప్రయాణం చేసింది. తిరిగి కొలవమని అర్జీలు వచ్చాయి. తమ పొలం చిన్నదని తేలుతుందేమో అని భయపడి అర్జీ వాపసు తీసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. కండెమ్డ్ అయినా ప్రభుత్వపు ఆస్తే, దాన్ని ఆటకు ఎందుకు వాడారో సంజాయిషీ ఇమ్మని తాసీల్దారు గారు మెమో ఇచ్చారు. నేను రెండు పేజీలు రాసి, మిగిలిన మూడు లింకులు ప్రస్తుతం తమ శిరస్సుకు నాలుగడుగుల పైన ప్రభుత్వ సేవలోనే ఉన్నవని మనవి చేశాను. ఆయన చదివి, పైకి చూసి, కుర్చీ కాస్త పక్కకి జరుపుకుని కాగితం ఫైల్ చేశారు. గట్టు దావాలో రాఘవరావు గారు నన్ను బోనెక్కించి ఒకే ప్రశ్న అడిగారు: ఆ పొలం కొలిచిన రోజు చైన్ సరిచూశారా అని. సంతకం పెట్టాను గాని చూడలేదని చెప్పాను. పొలం మళ్ళీ కొలవమన్నారు. కొలిచాను. గట్టు ఉన్నచోటే ఉంది. నాకు ఇంక్రిమెంటు మాత్రం ఒక ఏడాది ఆగింది.

ఆ తరువాత పద్ధతి మార్చుకున్నాను. ఏ ఊరెళ్ళినా ముందు చైన్ నేల మీద పరిచి, పొలం గలవాడినీ, పక్క పొలం వాడినీ పిలిచి లింకులు వాళ్ళ చేతే లెక్కపెట్టించేవాణ్ణి. శావల్యాపురం దగ్గర ఒక ముసలి రైతు, చదువు లేనివాడు, ఒక్కో లింకూ వేలితో ముట్టుకుంటూ నూరు దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చి రెండోసారి లెక్కపెట్టాడు. కోటయ్య విసుక్కున్నాడు. నేను గట్టు మీద కూచుని, రెండోసారీ నూరే అయ్యేదాకా చూస్తూ ఉన్నాను. ఆ తరువాత కొలిస్తే అతని పొలం అతననుకున్న దానికన్నా తక్కువే వచ్చింది. మాట్లాడకుండా వేలిముద్ర వేశాడు.

నాకు పై అధికారులుగా వచ్చినవాళ్ళందరూ ఇది కాలయాపన అన్నారు. నూరు లింకులు లెక్కపెట్టడానికి పది నిమిషాలు పడుతుంది. నేను లెక్కపెట్టనందుకు, ఆ తప్పు నాదని తెలిసిన ఒకే ఒక్క మనిషి నోరు మూసుకుని, ఏడు నెలల పాటు ప్రతి ఆదివారం బ్యాటు చంకన పెట్టుకుని తల వంచుకు నడిచి రావాల్సి వచ్చింది.